శనివారపు ఉప్పుచేప

మా దివిసీమలో ఏళ్ళను ఉప్పెన నుంచి లెక్కపెడతాం. ఫలానావాడు ఉప్పెనకు ముందు పుట్టాడు, ఫలానా పెళ్ళి ఉప్పెన తరువాత రెండేళ్ళకు జరిగింది, ఇలా. బ్రిస్బేన్ వచ్చాక ఆ లెక్క చెబితే ఎవరికీ తెలియడం లేదు. ఇక్కడివాళ్ళకు తెలిసిన వరద వేరే ఉంది, నది పొంగి వీధులు మునిగిన వరద. నేను చెప్పేది ఆ వరద వచ్చిన తరువాత రెండో ఏడు, ఒక శనివారం నాడు జరిగింది.

నా పేరు రామచంద్ర. చదివింది మూడో తరగతి. నలభై ఏళ్ళపాటు ఏటిమొగ రేవులో చేపలకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి అమ్మాను. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. మాట్లాడనివాడికి తగువులు ఉండవని మా అయ్య అనేవాడు. మా అయ్యకు తెలియనిది ఒకటుంది. మనం మాట్లాడకపోతే మన తరఫున మిగతావాళ్ళు మాట్లాడేస్తారు.

నా శనివారాలు అలాగే పోయాయి.

నా భార్య భ్రమరాంబ వెంకన్నను నమ్ముకున్న మనిషి. శనివారం నీసు ముట్టేది కాదు. ఆమె నియమం ఆమెది, నా తిండి నాది. నాకు మాత్రం ఆ రోజు కూడా చేప వండి పెట్టేది. ఆమె పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడే శనివారం వచ్చింది. మా మరదలు శేషుకుమారి అప్పటికి పది రోజులుగా వచ్చేపోయేవాళ్ళకు వండి వండి అలిసిపోయి ఉంది. ఆ పూట ఉప్పు వంజరం వండింది. హడావిడిలో చేపను నానబెట్టకుండా, ఊరికే కడిగి కూరలో వేసేసింది. నేను ఒక పిసరు చిదిపి నాలిక మీద పెట్టుకున్నాను. సముద్రం మొత్తం నోట్లోకి వచ్చింది. ఉప్పెక్కువైందంటే ఆ మనిషి ఏడుస్తుంది. అందుకని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "శనివారం కదా, వద్దులే" అన్నాను.

అంతే నేనన్నది. బంతిలో అందరూ తినడం ఆపేశారు. శేషుకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క కోసం మానేశాడని ఎవరో అన్నారు. వడ్డిస్తున్న నా కూతురు శ్రీదివ్య నా వంక చూసి, చేపల గిన్నె లోపలికి తీసుకుపోయింది.

మరుసటి శనివారం వంకాయ వండారు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఆ తరువాతి శనివారం బీరకాయ. నాలుగో శనివారానికి అది మొక్కు అయిపోయింది. ఏడాది తిరిగాక అమ్మాయి నన్ను ఇక్కడికి తెచ్చుకుంది, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో తన ఇంటికి. ఇక్కడికి వచ్చి చూస్తే నాకు తోడుగా తనూ శనివారాలు నీసు మానేసింది. మొత్తం ఆరేళ్ళు. ఏడాదికి యాభై రెండు శనివారాలు. ఎన్ని వంకాయలో మీరే లెక్క వేసుకోండి.

శ్రీదివ్య యూనివర్సిటీలో పని చేస్తుంది. నదికి వరద ఎప్పుడొస్తుంది, ఎంత ఎత్తు వస్తుంది అని ముందుగా లెక్క కట్టడం తన పని. ఆ ఏడు అలాంటి లెక్కలు కట్టేవాళ్ళంతా దేశదేశాల నుంచి వచ్చి బ్రిస్బేన్‌లో మూడు రోజులు సభ పెట్టుకున్నారు. దాన్ని నడిపించే పని మా అమ్మాయి నెత్తిన పడింది. మూడో రోజు శనివారం. ఆ రోజు ఉపన్యాసాలు ఉండవు. వచ్చినవాళ్ళకు ఊరు చూపించి, సాయంత్రం విందు పెట్టి పంపాలి. తరువాతి సభ ఏ దేశంలో ఉంటే ఆ దేశపు వంటతో విందు చేయడం వాళ్ళ ఆనవాయితీ అట. వచ్చే సభ పోర్చుగల్‌లో. అందుకని పోర్చుగీసు భోజనం.

నన్నెందుకు వెంటబెట్టుకెళ్ళిందంటే ఇంట్లో ఎవరూ లేరు. అల్లుడు అభినవ్ కాన్‌బెర్రాలో, గంగాలిన్ అనే చోట కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. పదిహేను రోజులకొకసారి వస్తాడు. నన్ను పొయ్యి దగ్గర ఒంటరిగా వదలదు. ఒకసారి తను లేనప్పుడు ఎండురొయ్యలు వేయిస్తే కప్పుకు బిగించిన గంట కూసింది. ఆపడం తెలియక నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. పక్కింటివాళ్ళు ఫైరింజన్ను పిలిచారు. రొయ్యలు మాత్రం బాగానే వేగాయి. ఆనాటి నుంచి ఎండుచేప, ఉప్పుచేప ఆ ఇంట్లోకి రావడం లేదు.

బస్సు తొమ్మిదింటికి కదలాలి. ముప్పావుగంట ఆలస్యంగా కదిలింది. నలభై రెండు మంది ఉండాలి. మా అమ్మాయి తలలు లెక్కపెడితే నలభై ఒకటి వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ నలభై ఒకటే. తనను తాను కలుపుకోలేదని మూడోసారికి తెలిసింది. నదులను లెక్కగట్టేవాళ్ళ సంగతి ఇది.

నా పక్క సీటులో వాసుదేవరావు గారు కూర్చున్నారు. సిడ్నీలో ముప్పై ఏళ్ళుగా ఉంటున్న ప్రొఫెసరు, ఆయనా ఈ వరద లెక్కలవాడే. మా అమ్మాయికి బాగా కావలసినవాడు. మంచివాడు కూడా. ఆ మంచితనం అంతా నోటిగుండానే బయటికి వస్తుంది. బస్సు కొండ ఎక్కేటంతసేపు సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్‌లో ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి గురించి చెప్పారు. దిగేటంతసేపు తన మోకాలి ఆపరేషన్ గురించి చెప్పారు. మధ్యలో నేను రెండుసార్లు ఊఁ కొట్టాను. మీతో మాట్లాడితే కాలమే తెలియదండీ అన్నారు.

కొండ మీది నుంచి ఊరంతా కనబడింది. ఒకసారి చూస్తే సరిపోతుంది. వాళ్ళు గంటసేపు చూశారు, అందులో ముప్పావు వంతు ఫోన్లలో తమ మొహాలే చూసుకున్నారు. తరువాత కోలా అనే జంతువును చూపించారు. అది చెట్టు కొమ్మ మీద నిద్రపోతోంది. నిద్రపోయేదాన్ని చూడడానికి ముప్పై మంది వరస కట్టారు. అది లేవలేదు. వీళ్ళు కదలలేదు.

అక్కడి నుంచి నది ఒడ్డుకు. ఏ వరదకు నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఒక స్తంభం మీద గీతలు పెట్టి ఉన్నాయి. ఇది వాళ్ళ సొంత విషయం కాబట్టి అందరూ మూగారు. వాసుదేవరావు గారు ఊరుకోకుండా, ఈ పెద్దాయన మా దేశంలో ఉప్పెన కళ్ళారా చూసినవాడని వాళ్ళతో చెప్పారు. వాళ్ళంతా గీతలను వదిలేసి నా చుట్టూ చేరారు. ఫోన్లు నా మొహం మీదికి లేచాయి.

"చెప్పండి రామచంద్ర గారూ, నేను ట్రాన్స్‌లేట్ చేస్తాను. ఎలా జరిగింది ఆ రోజు?"

"నీళ్ళు వచ్చాయి," అన్నాను.

"తరువాత?"

"పోయాయి."

దాన్ని ఆయన ఇంగ్లీషులో చాలాసేపు చెప్పారు. వాళ్ళలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నేనేం చెప్పానో నాకు తెలియలేదు.

రెండింటికి బస్సు ఆ పోర్చుగీసు హోటల్ వెనక సందులో ఆగింది. ఎవరెవరు ఏం తింటారో రాసిన కాగితం ఇవ్వడానికి శ్రీదివ్య దిగి ముందు వైపుకు వెళ్ళింది. నేను ఒంటేలుకని దిగాను. వంటగది వెనక చల్లగది తలుపు తీసి ఉంది.

ముందు వాసన తగిలింది. తరువాత చూశాను. నాలుగు పెద్ద టబ్బుల నీళ్ళలో చేప ముక్కలు. తెల్లగా, దళసరిగా ఉన్నాయి. మా వంజరం కాదు, ఏదో చలి సముద్రపు చేప. అయినా ఉప్పులో మాగిన చేప ఏ దేశంలోనైనా ఒకటే వాసన. నేను వచ్చిన పని మరిచిపోయాను.

టబ్బుల దగ్గర ఒక పెద్దావిడ ఉంది. వయసులో నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నదేమో. ఎవరు నువ్వు అన్నట్టు చూసింది. నేను చెప్పలేదు. వంగి, దళసరి ముక్క ఒకటి వేలితో నొక్కాను. ఒక పోగు లాగి నాలిక మీద పెట్టుకున్నాను. పైన దిగింది గానీ నడుమ ఉప్పు ఇంకా దిగలేదు. టబ్బులో నీళ్ళు చూపించి, పారబొయ్యమని చేత్తో చెప్పి, ఒక వేలు ఎత్తాను. ఇంకొక్కసారి నీళ్ళు మార్చాలి.

ఆవిడకు కోపం వచ్చింది. రెండు రోజులుగా నానుతోందని రెండు వేళ్ళు నా మొహం ముందు ఆడించింది. నేను వేలు దించలేదు. విసురుగా వంగి తనూ ఒక పోగు లాగి నోట్లో వేసుకుంది. తరువాత మాట లేకుండా టబ్బు వంచి కుళాయి విప్పింది. ఉదయం నుంచి ఆ బస్సులో నలభై మంది మాట్లాడిన మాటల కంటే నాకు ఆ కుళాయి చప్పుడు నయమనిపించింది.

మిగతా మూడు టబ్బులు వంచడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. అయ్యాక ఆవిడ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఇల్డా" అంది. నేను నా పేరు చెప్పాను. టబ్బులో అన్నిటికంటే దళసరి ముక్కను పైకెత్తి చూపించి, నన్ను చూపించి, గోడ మీది గడియారంలో ఆరు చూపించింది. ఇంత మాట అర్థం కావడానికి చదువు అక్కర్లేదు.

ఆ తరువాత అందరినీ పడవ ఎక్కించారు. నది మీద ఆ చివర నుంచి ఈ చివరకు. పొద్దున్నుంచి మొదటిసారి శ్రీదివ్య నా పక్కన వచ్చి కూర్చుంది. బూట్లు విప్పి కాళ్ళు నొక్కుకుంటోంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక కుదరదనుకున్నాను.

"దివ్యా, ఆ కాగితంలో నా పేరు దగ్గర ఏం రాశావు?"

"వెజ్ అనే రాశా నాన్నా. నీకూ నాకూ. కంగారు పడకు, ఫిష్ గరిటె కూడా తగలనివ్వద్దని కిచెన్‌లో రెండుసార్లు చెప్పించా."

"అది కాదు."

"మరి?"

ఆ "మరి" తరువాత నేను చెప్పవలసింది మూడు మాటలు. నాకు చేప కావాలి. నేను మాట కూడదీసుకునేలోపు తనే అందుకుంది.

"అమ్మ పోయినప్పుడు నువ్వు ఏడవలేదు నాన్నా. తరువాత అమ్మ పేరు కూడా ఎత్తలేదు. నీ మీద నాకెంత కోపంగా ఉండేదో తెలుసా? ఈయనకసలు ఏమీ లేదేమో అనుకున్నా. ఆ శనివారం విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టావు చూడు, అది చూశాకే నీతో మళ్ళీ మామూలుగా మాట్లాడగలిగా. నిన్ను ఇక్కడికి రమ్మన్నది కూడా అందుకే." బూట్లు మళ్ళీ తొడుక్కుంది. "ఇవాళ ఇంత పరుగులోనూ అనుకుంటూనే ఉన్నా. శనివారం కదా, అమ్మ గుర్తొచ్చే రోజు, నాన్న కూడా పక్కనే ఉన్నాడు అని."

నేను నది వంక చూశాను. ఎవరిని విసుక్కోవాలో తెలియలేదు. శేషుకుమారినా, ఆ కూరనా, నా నోటినా. ఒక్క మాట మొహమాటానికి అన్నాను. దాని మీద నా కూతురు ఇల్లు కట్టుకుని కూర్చుంది. ఇప్పుడు నేను ఆ ముక్క తింటే వాళ్ళ అమ్మను రెండోసారి చంపినట్టు. తినకపోతే ఇక చచ్చేదాకా వంకాయే.

మా వెనక బల్ల మీద ఎవరో ముక్కు చీదారు. చూస్తే వాసుదేవరావు గారు. అంతా విన్నారు.

ఆరింటికి హోటల్‌కు చేరాం. బయట ఇంకా వెలుతురు ఉంది. పొడుగాటి బల్లలు, నీలి రంగు పూల పింగాణీ. ముందు ఆకుకూర, బంగాళాదుంప కలిపిన చారు ఇచ్చారు. తరువాత చేప వచ్చింది. నూనెలో మగ్గిన ఉల్లిపాయ, బంగాళాదుంప, దాని మీద ఇంతేసి ముక్కలు. నా బల్ల మీదుగానే పళ్ళేలు పోతున్నాయి. నా ముందు బియ్యం కూరిన క్యాప్సికం ఒకటి పెట్టారు. దాని నెత్తిన చిన్న పచ్చ జెండా గుచ్చి ఉంది. వీడు చేప తినడని ఊరంతటికీ తెలియాలి గనక.

ఎదురు వరసలో శ్రీదివ్య ముందూ అదే జెండా. తను నన్ను చూసి నవ్వింది. నేను క్యాప్సికం కోశాను.

అప్పుడు వాసుదేవరావు గారు మైకు తీసుకున్నారు. ఏర్పాట్లు చేసినందుకు మా అమ్మాయికి కృతజ్ఞతలు చెప్పడానికట. అక్కడితో ఆపితే ఆయన వాసుదేవరావు ఎందుకవుతారు? నా వైపు చెయ్యి చూపించారు. ఇంగ్లీషులో నాకు అర్థమైన మాటలు నాలుగు: ఓల్డ్ ఫిషర్మన్, వైఫ్, సాటర్‌డే, సిక్స్ యియర్స్. గొంతు బొంగురు చేసుకుని చెప్పారు. ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. తరువాత చప్పట్లు కొట్టారు. ఇద్దరు ముగ్గురు లేచి నిలబడి కొట్టారు. పోర్చుగల్ నుంచి వచ్చిన ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నా రెండో చేతిలో క్యాప్సికం గుచ్చిన ముళ్ళ చెంచా ఉంది.

ఆ చప్పట్ల మధ్యలో వంటగది తలుపు తీసుకుని ఇల్డా వచ్చింది. చప్పట్లు ఎందుకో ఆవిడకు తెలియదు. చేతిలో పళ్ళెం. తిన్నగా వచ్చి క్యాప్సికాన్ని పక్కకు నెట్టి నా ముందు పెట్టింది. మధ్యాహ్నం చూపించిన ముక్కే. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి.

వాసుదేవరావు గారు మైకు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. నో నో మేడమ్ అంటూ పళ్ళెం అంచు పట్టుకుని తీయబోయారు. నేను రెండో అంచు పట్టుకున్నాను.

"ఇవాళ శనివారమండీ, రామచంద్ర గారూ," అన్నారు మెల్లగా, నేను మరిచిపోయాననుకుని.

"తెలుసు. నాకు మొక్కు లేదు."

"అదేంటండీ, అమ్మాయి చెప్పిందిగా..."

"అమ్మాయికి నేను చెప్పలేదు. వదలండి."

ఆయన వదిలారు. తెలుగు తెలిసినవాళ్ళం అక్కడ ముగ్గురమే. అయినా అందరికీ అర్థమైనట్టే ఉంది. శ్రీదివ్య మొహంలో నవ్వు పోయింది. నేను చూశాను. చూసీ ఆగలేదు. పడవలో అయితే ఊరుకున్నాను. అది మా ఇద్దరి మధ్య మాట. ఇప్పుడు నేను చేయని మొక్కుకు, భ్రమరాంబ పేరు చెప్పి, ముక్కూ మొహం తెలియనివాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. దొంగ సరుకు చేతిలో పెట్టినట్టుంది. ఇక ఆ క్యాప్సికం నా గొంతు దిగదు.

తిన్నాను. పై పొర మెత్తగా విడింది. నడుమకు వెళ్ళేసరికి ఉప్పు ఒక పిసరు ఎక్కువ ఉంది. ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా ఆ దళసరికి ఇంకొక పూట పడుతుంది. మా ఇంట్లో శనివారం కూర అలాగే ఉండేది. తలెత్తి గుమ్మం వంక చూశాను. వడ్డించేవాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. తల దించుకుని మిగిలింది తిన్నాను. పళ్ళెంలో ఏమీ వదల్లేదు. నేను లేచేసరికి శ్రీదివ్య తన కుర్చీలో లేదు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఇల్డా నా చేతిలో కాగితం చుట్టిన పలక ఒకటి పెట్టింది. నానబెట్టని ఉప్పుచేప, చెక్కలా గట్టిగా ఉంది. వాసుదేవరావు గారు నన్ను చూసి మొదటిసారి ఏమీ మాట్లాడలేదు. ఆ సుఖం కూడా నాకు పట్టలేదు.

కారులో ఇంటికి వచ్చేదాకా మా అమ్మాయి నోరు విప్పలేదు. పక్కన కూర్చున్న మనిషి మాట్లాడకపోతే ఎలా ఉంటుందో నాకు డెబ్బై రెండో ఏట తెలిసింది. దిగేటప్పుడు మాత్రం అంది.

"ఒక్క మాట నాన్నా. ఆరేళ్ళలో ఒక్క మాట చెప్పలేకపోయావు."

లోపలికి వెళ్ళి గది తలుపు వేసుకుంది.

మర్నాడు ఆదివారం. తెల్లారగానే నేను గరాజ్‌లోకి వెళ్ళి అల్లుడి పెట్టెలో రంపం వెతికి తీశాను. ఆ పలక కత్తికి తెగేది కాదు. బల్ల మీద పెట్టి కోయడం మొదలుపెట్టాను. రెండు ముక్కలు అయ్యేసరికి ఆ చప్పుడుకు శ్రీదివ్య వచ్చి తలుపు దగ్గర నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆరేళ్ళూ వంకాయ తింటూ లోపల నన్ను తిట్టుకున్నావా?"

"నిన్ను కాదు. వంకాయను."

తను నవ్వలేదు. రంపం బల్ల మీద పెట్టాను. ఆ రోజు ఎందుకు చెయ్యి అడ్డం పెట్టానో చెప్పాను. శేషుకుమారి కూర, అందులో ఉప్పు, ఎవరూ అడగకపోవడం, అన్నీ. తను వింటూ గోడ వంక చూస్తోంది. అంటే ఆ చెయ్యి అమ్మ కోసం కాదన్నమాట అంది. కాదన్నాను. అంటే నీకు అమ్మ... అని ఆపేసింది. ఆపిన మాట ఏమిటో నాకు తెలుసు. అప్పుడు చెప్పాను. నా బతుకులో ఒక్క ఊపున అంత మాట్లాడింది అదే.

"మీ అమ్మ శనివారం నాకు చేప వండేది. తను నియమంలో ఉండేది కాబట్టి రుచి చూసేది కాదు. ఉప్పు చాలిందో లేదో తెలియదు. వాసన చూసి, అందాజుగా వేసేది. వడ్డించి, గుమ్మం దగ్గర నిలబడి నా మొహం చూసేది. ఎక్కువైతే ఇంకో ముద్ద అన్నం పెట్టుకునేవాణ్ణి. తక్కువైతే ఊరగాయ వేసుకునేవాణ్ణి. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ముప్పై తొమ్మిదేళ్ళు. శేషుకుమారి ఉప్పు ఒక్క ముద్ద తినలేకపోయాను గానీ, మీ అమ్మది ఎంతున్నా తిన్నాను. నిన్న ఆ ఉప్పు నోట్లో పడేసరికి గుమ్మం వంక చూశాను. ఎవరూ లేరు."

శ్రీదివ్య పక్కనున్న పెయింటు డబ్బా మీద కూర్చుంది. చాలాసేపు ముక్కు తుడుచుకుంది.

"అమ్మకు తెలుసు నాన్నా," అంది చివరికి. "నాతో అనేది. మీ నాన్న జాడీ వంక చూశాడంటే ఉప్పు చాలలేదన్నట్టు, రెండోసారి అన్నం అడిగాడంటే ఎక్కువైనట్టు. నోరు తెరిచి చెబితే ఆయన సొమ్మేం పోతుందో అని విసుక్కునేది."

ఆ సంగతి నాకు తెలియదు. రంపం తీసుకుని మూడో ముక్క కోశాను. ముక్క వంకరగా తెగింది.

"వాసు అంకుల్‌కి నువ్వే ఫోన్ చేసి చెప్పు," అంది కాసేపటికి. "పాపం, నిన్న మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎటో వెళ్ళిపోయారు."

"ఆయనతో నేను మాట్లాడలేను."

"నువ్వు మాట్లాడక్కర్లేదు. ఫోన్ ఎత్తితే ఆయనే మాట్లాడతారు." లేచి వచ్చి ఒక ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూసి మొహం చిట్లించింది. "ఇది నానడానికి ఎన్నాళ్ళు?"

"రెండు రోజులు. రోజుకు మూడుసార్లు నీళ్ళు మార్చాలి."

"అయితే గురువారం నానబెట్టు. శనివారం నేను వండుతా. నేను మాత్రం తినను, నా శనివారం నాది."

"గంట కూస్తుంది," అన్నాను.

"కిటికీలన్నీ తీస్తా."

"రుచి చూడకు."

"చూడను," అని లోపలికి వెళ్ళింది.

ఉప్పు మీద ఉన్న చేప గురువారం దాకా పాడవదు. మిగిలిన పలక కోసి, ఆరు ముక్కలూ ఇల్డా ఇచ్చిన కాగితంలోనే మళ్ళీ చుట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో, వంకాయల వెనక పెట్టాను. తరువాత రంపం కడిగి, తుడిచి, ఎండలో కాసేపు ఆరబెట్టి, అల్లుడి పెట్టెలో ఎక్కడిదక్కడ పెట్టేశాను.